లినక్స్‌లో పాసైన ఆర్ ప్యాకేజీ విండోస్‌లో, మ్యాక్‌లో ఎందుకు ఫెయిలవుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పంట సర్వే డేటా కోసం గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో ఒక ప్యాకేజీ రాశారు. అందులో ప్రిన్సిపల్ కాంపొనెంట్స్ (చాలా కొలతలని కొన్నిటికి కుదించే పద్ధతి), బూట్‌స్ట్రాప్ (డేటా నుంచే మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి అంచనా ఎంత ఊగుతుందో చూసే పద్ధతి), వేగం కోసం కాస్త సీప్లస్‌ప్లస్ ఉన్నాయి. శాంపిల్ డేటాలో జిల్లాల పేర్లు తెలుగులో పెట్టారు. మీ ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్‌లో ప్యాకేజీని పరీక్షించే చెక్ శుభ్రంగా పాసైంది, ఆర్ ప్యాకేజీలని అందరికీ పంచే క్రాన్ దాన్ని తీసుకుంది. కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది: విండోస్‌లో ఎర్రర్, ఎం1 మ్యాక్‌లో ఎర్రర్, డెబియన్‌లో (ఇంకో రకం లినక్స్) ఒక నోట్, అంటే చిన్న హెచ్చరిక. ఫలానా తేదీలోగా సరిచేయకపోతే ప్యాకేజీని ఆర్కైవ్ చేస్తామన్నారు, అంటే జాబితాలోంచి తీసి పక్కన పెడతారు. మీ దగ్గర మ్యాక్ లేదు. టెస్టుల్లో టాలరెన్స్ (ఎంత తేడాని ఒప్పుకోవాలన్న హద్దు) పెంచి, కుదరని చోట టెస్టునే వదిలేసే స్కిప్ పెట్టి పంపేస్తే సరిపోతుందా అని అడిగారు.

పంపేస్తే పాసవుతుంది, ఆ మాట నిజమే. కానీ మీరు అతికించిన లాగ్ చూస్తే విండోస్ ఎర్రర్ టెస్టులోని లోపం కాదు, కోడ్‌లోని బగ్. దాన్ని స్కిప్ చేస్తే విండోస్‌లో పెద్ద డేటా మీద మీ ప్యాకేజీ వాడే ప్రతివాళ్లకీ తప్పు లెక్క వస్తుంది, ఎవరికీ తెలియదు కూడా. మ్యాక్‌లో వచ్చింది మాత్రం వేరే రకం. అక్కడ మీ లెక్క సరైనదే, టెస్టే అడగకూడని ప్రశ్న అడిగింది. ఏది ఏ రకమో తేల్చుకోకుండా టాలరెన్స్ జోలికి వెళ్లొద్దు.

ముందు క్రాన్ వైపు ఏం జరుగుతుందో చూద్దాం. ప్యాకేజీ తీసుకున్నాక వాళ్ల చెక్ ఆగిపోదు. 20 వేలకు పైగా ఉన్న ప్యాకేజీలన్నిటినీ రకరకాల మెషీన్ల మీద మళ్లీ మళ్లీ నడుపుతూనే ఉంటారు: డెబియన్, ఫెడోరా, విండోస్, ఇంటెల్ మ్యాక్, ఆర్మ్ మ్యాక్ (ఎం1 ఈ రకమే). వాటి మీద ఆర్ ప్రస్తుత రిలీజు, పాత రిలీజు, ఇంకా విడుదల కాని డెవలప్‌మెంట్ వెర్షన్ ఉంటాయి. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్లూ రెండు రకాలు, జీసీసీ, క్లాంగ్. ఇవి కాక అదనపు పరీక్షలు వేరే ఉన్నాయి: మెమరీ తప్పులు పట్టే ఏసాన్, వాల్‌గ్రైండ్, వేరే లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీలతో నడిపేవి, లాంగ్ డబుల్ (మామూలు డబుల్ కంటే ఎక్కువ అంకెలు పట్టే దశాంశ సంఖ్యల టైపు) లేకుండా కట్టిన ఆర్‌తో నడిపేవి. మీరు ఒక్క అక్షరం మార్చకపోయినా ఏడాది తర్వాత ఫెయిల్ రావచ్చు, ఎందుకంటే కంపైలర్ మారింది, ఆర్ మారింది, మీరు ఆధారపడ్డ ఇంకో ప్యాకేజీ మారింది. 2019లో ఆర్ 3.6.0 వచ్చినప్పుడు శాంపిల్ ఫంక్షన్ లోపలి పద్ధతి మారి, అదే సీడ్‌కి (రాండమ్ సంఖ్యల వరసని మొదలుపెట్టే సంఖ్య) వేరే శాంపిల్ రావడం మొదలైంది. 2020లో 4.0.0 వచ్చినప్పుడు డేటా ఫ్రేమ్‌లో అక్షరాలు వాటంతటవే ఫ్యాక్టర్లుగా, అంటే వర్గాలుగా, మారడం ఆగింది. 2025లో వచ్చిన 4.5.0 నుంచి సీ కోడ్‌కి సీ23 ప్రమాణం డిఫాల్ట్ అయ్యేసరికి, బూల్ అనే పేరుతో సొంత టైపు రాసుకున్న పాత కోడ్ కంపైల్ కావడమే మానేసింది. ప్రతిసారీ ప్యాకేజీలు రాసినవాళ్ల ఇన్‌బాక్సులు నిండాయి.

అందుకే మెయిల్ రాగానే కోడ్ తెరవకండి. ముందు మీ ప్యాకేజీ చెక్ ఫలితాల పేజీకి వెళ్లి ఏయే వరసల్లో ఎర్రర్ ఉందో చూడండి. సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది. విండోస్ వరసలన్నిటిలో ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ తేడా. డెవలప్‌మెంట్ వెర్షన్ వరసల్లో మాత్రమే ఉంటే ఆర్ మారింది. ఆర్మ్ మ్యాక్‌లోనూ, లాంగ్ డబుల్ లేని అదనపు పరీక్షలోనూ కలిపి ఉంటే సంఖ్యల సూక్ష్మత గొడవ. ఒక్క ఫెడోరా క్లాంగ్‌లోనే ఉంటే కంపైలర్. అన్నిట్లోనూ ఒకేసారి ఎర్రబడితే మీరు ఆధారపడ్డ ప్యాకేజీ మారిందేమో చూడండి.

ఇప్పుడు మీ విండోస్ ఎర్రర్. డేటా వరసల్లో రెండేసి కలిపితే ఎన్ని జతలో లెక్కించే చోట మీరు లాంగ్ అనే పూర్ణాంక టైపు వాడారు. 64 బిట్ లినక్స్‌లో, మ్యాక్‌లో లాంగ్ అంటే 8 బైట్లు. 64 బిట్ విండోస్‌లో మాత్రం అది 4 బైట్లే, గరిష్ఠం 2,14,74,83,647. మీరు ముందు వరసల సంఖ్యని దానికంటే ఒకటి తక్కువతో గుణించి, తర్వాత రెండుతో భాగించారు. వరసలు 46,342కి చేరగానే గుణకారం ఆ గరిష్ఠాన్ని దాటి పొంగిపోతుంది. అందుకే మీ లాగ్‌లో జతల సంఖ్య మైనస్‌లో కనిపించింది. ఇది లినక్స్‌లో ఏసాన్, యూబీసాన్ లాంటి తప్పులు పట్టే సాధనాలు పెట్టి నడిపినా దొరకదు, ఎందుకంటే అక్కడ లాంగ్ పెద్దది, పొంగదు. విండోస్‌లో నడిపితేనే బయటపడుతుంది. లాంగ్ తీసేసి వెడల్పు స్పష్టంగా చెప్పే 64 బిట్ పూర్ణాంక టైపు పెట్టండి. పొడవులకైతే ఆర్ ఇచ్చే ఎక్స్‌లెన్ టైపు ఉంది. ఆ ఫైల్‌లో ఇంకెక్కడ లాంగ్ ఉందో కూడా వెతకండి, ఒకచోట ఉంటే సాధారణంగా నాలుగుచోట్ల ఉంటుంది.

అదే లాగ్‌లో కింద రెండో ఎర్రర్ ఉంది, మీరు ప్రశ్నలో రాయలేదు. టెంపరరీ ఫైల్ తీసేసి, మళ్లీ అదే పేరుతో రాసే టెస్టు అది. లినక్స్‌లో తెరిచి ఉన్న ఫైల్‌ని కూడా తీసేయొచ్చు. విండోస్ ఒప్పుకోదు. పైగా ఆర్‌లోని అన్‌లింక్ ఫంక్షన్ గట్టిగా ఎర్రర్ ఇవ్వదు, విఫలమైతే 1 అని తిప్పి ఇచ్చి ఊరుకుంటుంది. ఫైల్ తెరిచిన వెంటనే ఆన్ డాట్ ఎగ్జిట్‌లో క్లోజ్ పెట్టండి, అప్పుడు మధ్యలో ఎర్రర్ వచ్చినా కనెక్షన్ మూతపడుతుంది. టెంప్‌డిర్ (ఆర్ ఇచ్చే తాత్కాలిక ఫోల్డర్) బయట ఎక్కడా రాయకండి, యూజర్ హోమ్ ఫోల్డర్‌లో రాస్తే అది క్రాన్ పాలసీకి విరుద్ధం.

విండోస్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. పనిని చాలా కోర్లకి పంచే ఎంసీల్యాప్లై, నడుస్తున్న ప్రోగ్రాముకి నకలు తీసే ఫోర్క్ మీద నడుస్తుంది, విండోస్‌లో ఫోర్క్ లేదు, ఒకటికి మించి కోర్లు అడిగితే ఎర్రరే. టెక్స్ట్ మోడ్‌లో రాసిన ఫైల్‌కి విండోస్‌లో లైను చివర రెండు అక్షరాలు పడతాయి, కాబట్టి ఫైల్ వేలిముద్ర లాంటి ఎండీ5 పోల్చే టెస్టు నిలవదు. ఫైల్ పేర్లలో పెద్దబడి చిన్నబడి తేడా విండోస్, మ్యాక్ మామూలుగా పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది. ఇది విండోస్‌లో రాసి లినక్స్‌లో దెబ్బతినేవాళ్ల కథ, మీకు వర్తించదు.

ఇక మ్యాక్. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, గణాంక ప్యాకేజీలకి అసలు చిక్కంతా ఇక్కడే.

ఆర్‌లో సమ్, మీన్ లాంటి ఫంక్షన్లు లోపల లాంగ్ డబుల్‌లో కూడుతూ పోయి, చివర్లో మామూలు డబుల్‌గా మారుస్తాయి. ఇంటెల్ చిప్ మీద లాంగ్ డబుల్ అంటే 80 బిట్లు. లినక్స్‌లోనూ విండోస్‌లోనూ అంతే, అందుకే ఆ రెండూ తరచుగా ఒకే జవాబు ఇస్తాయి. యాపిల్ ఎం1, ఆ తర్వాతి చిప్పుల మ్యాక్‌లో లాంగ్ డబుల్ అంటే మామూలు డబులే, 64 బిట్లు. తేడా మీ కళ్లతో చూడాలంటే మూడు సంఖ్యలు చాలు: 1 పక్కన 16 సున్నాలు, తర్వాత 1, తర్వాత మొదటి సంఖ్యే మైనస్‌తో. ఈ మూడింటినీ ఒక వెక్టర్‌లో పెట్టి సమ్ అడగండి. మీ ఉబుంటులో 1 వస్తుంది. ఎం1 మీద 0 వస్తుంది. రెండింటిలో దేనికీ బగ్ లేదు. అంత పెద్ద సంఖ్య పక్కన ఒకటిని గుర్తుపెట్టుకునే చోటు డబుల్‌లో లేదు, 80 బిట్లలో ఉంది.

మీ డేటాలో ఇంత విపరీతం ఉండదు, కానీ ఎకరాలూ క్వింటాళ్లూ రూపాయలూ కలిసిన పట్టికలో కోవేరియన్స్ (రెండు కొలతలు కలిసి ఎలా మారతాయో చెప్పే సంఖ్య) తీస్తే పన్నెండో అంకె దగ్గరో పదమూడో అంకె దగ్గరో తేడా సహజం. దీనికి తోడు ఆర్మ్ చిప్‌లో గుణకారం, కూడిక కలిపి ఒకే సూచనగా చేసేది ఉంది. మధ్యలో ఒక రౌండింగ్ తగ్గుతుంది, అంటే జవాబు ఇంకాస్త కచ్చితంగా, కానీ వేరుగా వస్తుంది. లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ మారినా ఇదే: ఆర్‌తో వచ్చే బ్లాస్ అనే మామూలు లైబ్రరీ ఒక క్రమంలో కూడుతుంది, దాని బదులు వాడే ఓపెన్‌బ్లాస్ ఇంకో క్రమంలో. చాలా ఉబుంటు మెషీన్లలో ఓపెన్‌బ్లాస్ ఉంటుంది, యజమానికి ఆ విషయం తెలియదు. సెషన్ ఇన్ఫో నడిపితే ఏ బ్లాస్ వాడుతున్నారో ఒక లైనులో చెబుతుంది, ఒకసారి చూడండి.

మీ టెస్టు ఎక్స్‌పెక్ట్ ఐడెంటికల్ వాడింది, అంటే రెండు విలువలూ అచ్చంగా ఒకటే కావాలంది. దశాంశ సంఖ్యల మీద అది వాడనే కూడదు. ఎక్స్‌పెక్ట్ ఈక్వల్‌కి మారితే డిఫాల్ట్ టాలరెన్స్ సుమారు 0.000000015, సాపేక్షంగా. మామూలు లెక్కలకి అది చాలు. అది కూడా చాలకపోతే అప్పుడే ఆలోచించాలి. నా పద్ధతి ఇది: టాలరెన్స్ పెంచే ప్రతిచోటా ఎందుకు పెంచానో పక్కన కామెంట్‌లో ఒక వాక్యం రాయగలగాలి. రాయలేకపోతే పెంచను. మీరు మార్చి పంపుదామనుకున్న కోడ్‌లో టాలరెన్స్ 0.1 అని ఉంది. పదో వంతు తేడాని కూడా ఒప్పుకునే టెస్టు చాలా బగ్‌లని పట్టదు.

అయినా మీ మ్యాక్ ఎర్రర్‌కి టాలరెన్స్ ఎంత పెంచినా లాభం లేదు. లాగ్‌లో రెండో కాంపొనెంట్ లోడింగ్స్ (ఆ కాంపొనెంట్‌లో ఒక్కో కొలతకి ఉన్న బరువులు) అన్నీ గుర్తు తిరగబడి ఉన్నాయి, 0.61 ఉండాల్సిన చోట మైనస్ 0.61. ఈ బరువుల వరసనే ఐగెన్ వెక్టర్ అంటారు, దానికి దిశ ఉంటుంది కానీ గుర్తు ఉండదు. ప్లస్సైనా మైనస్సైనా గణితం ఒకటే, ఏది ఇవ్వాలన్నది లైబ్రరీ ఇష్టం. ఆర్‌లో ఈ పని చేసే రెండు ఫంక్షన్లలో ప్రిన్‌కాంప్‌లో గుర్తుని స్థిరపరిచే ఆప్షన్ ఉంది, మీరు వాడిన పీఆర్‌కాంప్‌లో లేదు.

దీనికి చాలామంది ఆబ్సొల్యూట్ విలువలు పోల్చి ఊరుకుంటారు. ఫరవాలేదు కానీ, దాంతో ఒక వెక్టర్‌లో కొన్నిటి గుర్తులు మాత్రమే తిరగబడితే, అది నిజమైన బగ్ అయినా, దొరకదు. అంతకంటే మెరుగైనది ప్యాకేజీలోనే గుర్తుని ఖరారు చేయడం: ప్రతి కాంపొనెంట్‌లో ఆబ్సొల్యూట్ విలువ అత్యధికంగా ఉన్న లోడింగ్ ప్లస్ అయ్యేలా తిప్పండి. మొదటి లోడింగ్‌ని ప్లస్ చేయడం అంత మంచిది కాదు, అది సున్నాకి దగ్గరగా ఉంటే దాని గుర్తే ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి మారుతుంది. దీనివల్ల మీ యూజర్లకీ మేలు. హైదరాబాద్‌లో ఒకరు, గుంటూరులో ఒకరు అదే డేటాతో అదే గ్రాఫ్ గీస్తే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి రాకుండా ఉంటుంది.

ఇంకో చిక్కు మీ డేటాలో లేదు గానీ, వేరేవాళ్లకి పనికొస్తుంది. రెండు ఐగెన్ విలువలు (ఒక్కో కాంపొనెంట్ ఎంత తేడాని పట్టుకుందో చెప్పేవి) దాదాపు సమానంగా ఉంటే గుర్తు మాత్రమే కాదు, ఆ రెండు వెక్టర్లూ వాటి తలంలో ఎలాగైనా తిరగొచ్చు. అప్పుడు వెక్టర్లని పోల్చడమే అర్థం లేని పని. ఆ రెండు వెక్టర్లతో చేసిన మాట్రిక్స్‌ని దాని ట్రాన్స్‌పోజ్‌తో గుణించి వచ్చిన ప్రొజెక్షన్‌ని పోల్చండి, అది మారదు. ఆప్టిమైజేషన్‌లోనూ ఇదే దారి: ఎన్ని ఇటరేషన్లలో ఆగిందో టెస్టు చేయకండి, ఆగిన చోట లాగ్ లైక్లీహుడ్ ఎంతో, గ్రేడియంట్ సున్నాకి దగ్గరగా ఉందో లేదో టెస్టు చేయండి. బూట్‌స్ట్రాప్‌కి సీడ్ పెట్టి స్టాండర్డ్ ఎర్రర్ పదో అంకె దాకా రాసిపెట్టారు. ఆ టెస్టు ఇప్పటికి పాసవుతోంది. ఆర్ మరోసారి రాండమ్ పద్ధతి మారిస్తే పడిపోతుంది. దాని బదులు జవాబు తెలిసిన చిన్న డేటా మీద, ఫార్ములాతో వచ్చే విలువకి తగినంత దగ్గరగా ఉందా అని అడగండి.

తెలుగు పేర్ల గురించి. ఆర్ 4.2.0 రాకముందు, అంటే 2022కి ముందు, విండోస్‌లో ఇది నరకం. విండోస్‌లో సిస్టమ్ డిఫాల్ట్‌గా పెట్టుకునే పాతకాలపు కోడ్ పేజీ (అక్షరాలకి నంబర్లిచ్చే పట్టిక) తెలుగుకి లేదు, యూనికోడే దారి. ఆర్ ఏమో కోడ్ పేజీ మీద నడిచేది. డేటా ఫ్రేమ్ ప్రింట్ చేస్తే జిల్లా పేరు బదులు కోణపు బ్రాకెట్లలో యూ ప్లస్ అంటూ కోడ్ నంబర్ల వరస కనిపించేది. 4.2.0 నుంచి కొత్త విండోస్ 10, విండోస్ 11 మీద ఆర్ నేరుగా యూటీఎఫ్ 8లో పనిచేస్తుంది, ఆ బాధ తీరింది. కానీ చెక్‌లో మూడు చోట్ల ఇంకా తగులుతుంది.

ఒకటి, ఆర్ కోడ్ ఫైళ్లలో నేరుగా తెలుగు అక్షరాలు ఉంటే వార్నింగ్ వస్తుంది. అక్కడ ఎస్కేప్ రూపంలో, అంటే అక్షరం బదులు దాని కోడ్ నంబర్ రాయాలి, లేదా పేర్లన్నీ డేటా ఫైల్‌లోకి మార్చాలి. నేనైతే రెండోదే చేస్తాను, ఎస్కేపులతో నిండిన కోడ్ ఆరు నెలల తర్వాత ఎవరూ చదవలేరు. డేటాలో యూటీఎఫ్ 8 అక్షరాలున్నాయని ఒక నోట్ వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు, సబ్మిషన్ కామెంట్లలో జిల్లా పేర్లు తెలుగులో ఉన్నాయని ఒక మాట రాస్తే చాలు. రెండు, హెల్ప్ పేజీల్లో తెలుగు ఉంటే హెచ్‌టీఎంఎల్ బాగానే వస్తుంది, పీడీఎఫ్ మాన్యువల్ కట్టేటప్పుడు దాన్ని కట్టే లేటెక్ సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. ఆ భాగం హెచ్‌టీఎంఎల్‌లో మాత్రమే వచ్చేలా షరతు పెట్టండి. మూడు, పొడవులు. తెలుగు అన్న మాటలో మనకి మూడు అక్షరాలు కనిపిస్తాయి, ఆర్‌కి 6 క్యారెక్టర్లు, 18 బైట్లు. పేరుని కత్తిరించే కోడ్, నిలువు వరసలు సర్దే కోడ్, ప్రింట్ అయిన పట్టికని స్నాప్‌షాట్‌గా దాచే టెస్టు, ఇవన్నీ ఇక్కడ జారతాయి. సార్ట్ కూడా లొకేల్‌ని (మెషీన్‌లోని భాష, ప్రాంతం సెట్టింగ్) బట్టి మారుతుంది. టెస్టులో వరస మారకూడదంటే సార్ట్‌కి రాడిక్స్ పద్ధతి ఇవ్వండి, అది ఎక్కడైనా సీ లొకేల్ క్రమమే పాటిస్తుంది. యూజర్‌కి చూపించే వరసకి మాత్రం అది పెట్టొద్దు.

డెబియన్ నోట్ చిన్నదే. సీపీయూ సమయం, గడియారం సమయానికి రెండున్నర రెట్లు దాటిందని చెబుతోంది, అంటే మీ ఉదాహరణలు రెండు కంటే ఎక్కువ కోర్లు వాడుతున్నాయి. క్రాన్ రెండుకి మించి ఒప్పుకోదు. మీరు ఎక్కడా పారలల్ రాయలేదన్నారు, కానీ మీరు వాడిన డేటా డాట్ టేబుల్ ప్యాకేజీ తనంతట తాను థ్రెడ్లు వాడి పనిని చాలా కోర్లకి పంచుతుంది. ఉదాహరణల్లో, టెస్టుల్లో థ్రెడ్లు రెండుకి తగ్గించండి.

మ్యాక్ లేకుండా ఇదంతా ఎలా పరీక్షించాలన్నది మీ అసలు భయం. మ్యాక్ కొనక్కర్లేదు. ప్యాకేజీ గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా ఉంటే, వాళ్ల మెషీన్ల మీద పరీక్షలు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ ఉచితం. యూజ్‌దిస్ ప్యాకేజీలో చెక్ స్టాండర్డ్ అనే వర్క్‌ఫ్లో ఒక్క కమాండ్‌తో వస్తుంది: మ్యాక్, విండోస్ ఒక్కొక్కటి, ఉబుంటు మీద ఆర్ మూడు వెర్షన్లు. ఇప్పుడు అక్కడి డిఫాల్ట్ మ్యాక్ ఆర్మ్ చిప్‌దే, మీకు కావలసిందీ అదే. ఒక మార్పు చేయండి: మామూలుగా అది వార్నింగ్ వస్తేనే ఎర్రబడుతుంది, నోట్ వచ్చినా ఎర్రబడేలా పెట్టండి. వారానికోసారి దానంతట అదే నడిచేలా షెడ్యూల్ కూడా పెట్టండి, లేకపోతే మీరు కోడ్ ముట్టుకోని నెలల్లో లోకం మారిన సంగతి మెయిల్ వచ్చేదాకా తెలియదు. రెపోలో 60 రోజులు కదలిక లేకపోతే గిట్‌హబ్ ఆ షెడ్యూల్‌ని ఆపేస్తుంది, అది గుర్తుంచుకోండి.

ఐదు పచ్చ టిక్కులు చూసి సబ్మిట్ చేయకండి. జర్మనీలోని డార్ట్‌మండ్ నుంచి నడిచే విన్ బిల్డర్ అనే పరీక్షా సేవకి డెవలప్‌మెంట్ వెర్షన్ మీద పంపండి, క్రాన్ విండోస్‌లో చూసేదానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే. ఫలితం డిస్క్రిప్షన్ ఫైల్‌లో ఉన్న మెయిల్‌కి వస్తుంది, కాబట్టి ఆ మెయిల్ పనిచేస్తోందో లేదో చూసుకోండి. కాలేజీ మెయిల్ పెట్టి కోర్సు అయ్యాక మూసుకుపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. మ్యాక్‌కి కూడా అలాంటి బిల్డర్ ఉంది, రెండిటికీ డెవ్‌టూల్స్ నుంచే పంపొచ్చు. ఆ తర్వాత ఆర్‌హబ్ అనే ఇంకో పరీక్షా సేవ. 2024 నుంచి అది కూడా గిట్‌హబ్ యాక్షన్స్ మీదే నడుస్తోంది. అక్కడ అన్నీ నడపక్కర్లేదు. మీకు రెండు చాలు: లాంగ్ డబుల్ లేనిది, సీప్లస్‌ప్లస్ ఉంది కాబట్టి ఏసాన్ ఉన్నది. సజెస్ట్స్‌లో (లేకపోయినా మీ ప్యాకేజీ నడవాల్సిన వాటి జాబితా) ప్యాకేజీలు పెట్టారు గనక, అవి లేకుండా నడిపేది కూడా ఒకసారి చూడండి.

క్రాన్ చెక్‌లో టెస్టుని వదిలేయించే స్కిప్ ఆన్ క్రాన్ గురించి నా మాట: టైమ్ ఎక్కువ పట్టే టెస్టులకి, ఇంటర్నెట్ మీద ఆధారపడ్డవాటికి పెట్టండి. లెక్క తప్పొచ్చిన టెస్టుకి పెట్టకండి. ఎర్రర్ కనిపించకుండా పోతుంది గానీ అదే లెక్క యూజర్ మెషీన్‌లో నడుస్తూనే ఉంటుంది.

గడువు రెండు వారాలన్నారు, ఈ పనికి అది ఎక్కువే. వెర్షన్ నంబర్ పెంచండి, కామెంట్లలో ప్రతి సమస్యకీ ఏం చేశారో ఒక్కో వాక్యం రాయండి. వాదన, క్షమాపణలు అక్కర్లేదు. పంపేముందు ఆర్ బిల్డ్‌తో కట్టిన టార్ ఫైల్ మీదే యాజ్ క్రాన్ ఆప్షన్‌తో చెక్ నడపండి, ఫోల్డర్ మీద కాదు. జులై, ఆగస్టుల్లో ఎప్పుడైనా, సంవత్సరాంతంలోనూ కొన్నాళ్లు సబ్మిషన్లు మూసేస్తారు, మీ తేదీ ఆ చుట్టుపక్కల పడుతుందేమో చూసుకోండి. ఒకవేళ ఆర్కైవ్‌కి వెళ్లినా పాత వెర్షన్లు అక్కడే ఉంటాయి, సరిచేసి మళ్లీ పంపొచ్చు. మీ ప్యాకేజీ మీద ఆధారపడ్డవి ఉంటేనే ఇబ్బంది, మీది పోతే వాటికీ చిక్కే.

గుర్తు సరిచేశాక కూడా మ్యాక్‌లో ఫెయిలైతే, ఆ రన్‌లోని సెషన్ ఇన్ఫో మొత్తం, ఐగెన్ విలువలు కనీసం పది అంకెలతో ఇక్కడ పెట్టండి. రెండో, మూడో విలువలు దగ్గరగా ఉన్నాయేమో చూసి చెబుతాను.